ఆస్పిరిన్ పడని ఆస్తమా: జన్యువులు ఎంతవరకు చెప్పగలవు?

ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చిన తెలుగువాళ్లలో చాలామంది రెండు మూడేళ్లు తిరక్కముందే "ఈ ఊరు నాకు పడలేదు" అంటుంటారు. పొద్దున లేస్తూనే వరస తుమ్ములు, ముక్కు దిబ్బడ, సాయంత్రానికి తలబరువు. తప్పు చలిగాలిదనో, ఖాళీ ప్లాట్లలో పెరిగే వయ్యారిభామ మొక్కదనో, మెట్రో పనుల దుమ్ముదనో తేల్చేస్తారు. ఎక్కువమంది విషయంలో అది నిజమే కావచ్చు. కానీ అంతకుముందు ఏ అలర్జీ లేని మనిషికి ముప్ఫై ఏళ్లు వచ్చాక ముక్కు దిబ్బడ ఏడాది పొడవునా వదలకుండా పట్టుకుని, ఇంగువ పోపు వాసన కూడా తెలియని స్థితి వచ్చి, ఆ వెనకే ఆయాసం మొదలైతే మాత్రం నెపం ఊరి మీద పెట్టి ఊరుకోకూడదు. ఆస్పిరిన్ పడని ఆస్తమా చాలావరకు ఈ వరసలోనే వస్తుంది.

ఈ వరసను వివరంగా చూపించింది 2000లో వెలువడిన ఒక యూరప్ అధ్యయనం. 10 దేశాల్లోని 16 కేంద్రాల నుంచి 500 మంది రోగులను పరిశీలించారు. వారిలో ముక్కు బాధ సగటున 30 ఏళ్ల ప్రాంతంలో మొదలైంది. రెండేళ్లకు ఆస్తమా వచ్చింది. ఆ తర్వాత ఇంకొన్నాళ్లకు ఆస్పిరిన్ పడకపోవడం, ముక్కులో కండలు (పాలిప్స్) పెరగడం బయటపడ్డాయి. మగవాళ్ల కంటే ఆడవాళ్లు రెండింతలకు పైగా ఉన్నారు. సుమారు 15 శాతం మందికి తమకు ఆస్పిరిన్ పడదన్న సంగతే తెలియదు, ఆసుపత్రిలో పరీక్ష కోసం ఇచ్చి చూసినప్పుడు తెలిసింది. చదువు అయిపోయి, ఉద్యోగంలో చేరి, వేరే ఊళ్లో కాపురం పెట్టే వయసు కూడా దాదాపు అదే. బెంగళూరు మీదకు నింద పోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

డాక్టర్లు దీన్ని ఏఈఆర్‌డీ, అంటే ఆస్పిరిన్‌తో ముదిరే శ్వాస జబ్బు అంటారు. ఆస్తమా, ముక్కులో కండలు, ఆస్పిరిన్ పడకపోవడం, ఈ మూడూ కలిసి ఉంటాయని ఫ్రాన్స్ వైద్యుడు ఫెర్నాండ్ విడాల్ 1922లోనే గుర్తించాడు. 1968లో మాక్స్ శామ్టర్, రోలాండ్ బీర్స్ మళ్లీ వివరంగా రాసేదాకా వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు. అందుకే చాలా పుస్తకాల్లో శామ్టర్ పేరే మిగిలింది. పెద్దవాళ్ల ఆస్తమా రోగుల్లో సుమారు 7 శాతం మంది, తీవ్రమైన ఆస్తమా ఉన్నవాళ్లలో దాదాపు 15 శాతం మంది ఈ కోవలోకి వస్తారని ఇప్పటివరకు జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే తేలుతోంది.

పేరులో ఆస్పిరిన్ ఒక్కటే ఉన్నా చిక్కు దానితో ఆగదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, న్యాప్రాక్సెన్, మెఫెనమిక్ యాసిడ్, కీటొరొలాక్, ఇవన్నీ అదే బాపతు. అంటే డిస్ప్రిన్, ఎకోస్ప్రిన్‌తో పాటు బ్రూఫెన్, కాంబిఫ్లామ్, వోవెరాన్, జీరోడాల్, నెలసరి నొప్పికి వేసుకునే మెఫ్తాల్ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. బిళ్ళ మింగిన అరగంట నుంచి మూడు గంటల లోపు ముక్కు నీరులా కారడం, కళ్లు ఎర్రబడటం, ఛాతీ బిగదీసినట్టు ఉండి పిల్లికూతలు రావడం జరుగుతుంది. కొందరిలో అది ప్రాణాల మీదకు వస్తుంది.

మారతహళ్లిలోనో హూడిలోనో సందు చివర మెడికల్ షాపు ముందు రాత్రి తొమ్మిదింటికి కాసేపు నిలబడి చూస్తే ఈ జబ్బు ఎందుకు దొరకదో అర్థమవుతుంది. "అన్నా, తలనొప్పికి ఒకటి, ఒంటినొప్పులకు రెండు ఇవ్వండి" అంటారు. షాపతను పది బిళ్ళల స్ట్రిప్ తీసి కత్తెరతో మూడు ముక్కలు కత్తిరిస్తాడు. వెండిరంగు రేకు వెనక సగం మందు పేరు ఒక ముక్క మీద, ఎక్స్‌పైరీ తేదీ ఇంకో ముక్క మీద పోతుంది. ఆ రాత్రి ఆయాసం వచ్చి ఎమర్జెన్సీకి వెళ్తే, ఏం వేసుకున్నారని అడిగిన డాక్టరుకు "ఏదో తెల్ల బిళ్ళ" అన్న జవాబే దొరుకుతుంది. నెబ్యులైజర్ పెడతారు, తగ్గుతుంది, ఇంటికి పంపిస్తారు. కేసు కాగితం మీద ఆస్తమా ఎటాక్ అని మాత్రమే ఉంటుంది. జన్యువుల సంగతి మాట్లాడేటప్పుడు ఈ కాగితం మళ్లీ అడ్డం వస్తుంది.

బ్రేకు తీసేస్తే ఏమవుతుంది

ఇది మామూలు అలర్జీ కాదు. పల్లీలకో రొయ్యలకో వచ్చే అలర్జీలో శరీరం ఆ ఒక్క పదార్థాన్నే గుర్తుపట్టి దాని మీద ఐజీఈ యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. ఇక్కడ అలా జరగదు. అందుకే చేతి మీద గుచ్చి చేసే స్కిన్ టెస్టులో, రక్తంలో ఐజీఈ చూసే ప్యాకేజీల్లో ఇది కనిపించదు. వేల రూపాయలు పోసి అలర్జీ ప్యానెల్ చేయించుకుని, అందులో ఆస్పిరిన్ రాలేదు కాబట్టి భయం లేదనుకోవడం పొరపాటు.

ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించాడు. ఆ పనికి 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. కణాల పొరల్లో ఉండే అరకిడోనిక్ ఆమ్లం నుంచి శరీరం రెండు దారుల్లో పదార్థాలు తయారు చేసుకుంటుంది. కాక్స్ ఎంజైముల దారిలో ప్రోస్టాగ్లాండిన్లు వస్తాయి. 5-లైపాక్సిజనేజ్ దారిలో ల్యూకోట్రయీన్లు వస్తాయి. ఆస్పిరిన్, దాని బంధువులు మొదటి దారిని మూసేస్తాయి. పోలండ్‌లోని క్రాకోవ్‌కు చెందిన ఆండ్రెయ్ ష్చెక్లిక్ బృందం 1975లో ఒక కీలకమైన సంగతి గమనించింది. ఈ రోగులకు పడని మందులన్నీ కాక్స్‌ను అడ్డుకునేవే. ఏ మందు కాక్స్‌ను ఎంత గట్టిగా అడ్డుకుంటే రోగికి అంత తక్కువ మోతాదులోనే ఆయాసం వస్తోంది. రసాయనంగా ఒకదానికొకటి పోలిక లేని మందులు ఒకే మనిషికి ఎందుకు పడట్లేదన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది.

ప్రోస్టాగ్లాండిన్లలో ఈ2 అనే రకం ల్యూకోట్రయీన్ల తయారీకి బ్రేకులా ఉంటుంది. ఏఈఆర్‌డీ ఉన్నవాళ్ల ముక్కులో, ఊపిరితిత్తుల్లో ఆ బ్రేకు ముందే బలహీనంగా ఉంటుంది, ల్యూకోట్రయీన్లు మామూలు రోజుల్లో కూడా ఎక్కువే తయారవుతుంటాయి. అంటే బిళ్ళ వేసుకోకపోయినా జబ్బు లోపల నడుస్తూనే ఉంటుంది. బిళ్ళ వేసుకున్నప్పుడు ఆ ఉన్న కాస్త ఈ2 కూడా ఆగిపోతుంది, వాపును తెచ్చే మాస్ట్ కణాలు, ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు ఒక్కసారిగా రెచ్చిపోతాయి. శ్వాసనాళాలను బిగించడంలో, ముక్కు పొరలను ఉబ్బించడంలో ల్యూకోట్రయీన్ సీ4, దాని నుంచి వచ్చే డీ4, ఈ4 చాలా శక్తిమంతమైనవి. వీటి ఆనవాళ్లు మూత్రంలో ఈ4 రూపంలో కనిపిస్తాయి. ఈ రోగుల్లో ప్లేట్‌లెట్లు కూడా తెల్లకణాలకు అతుక్కుని ల్యూకోట్రయీన్ తయారీలో ఓ చేయి వేస్తాయని తర్వాత తెలిసింది.

ఇబ్బంది ప్రధానంగా కాక్స్-1 మూసుకుపోవడం వల్లే. కాబట్టి కాక్స్-2 మీద మాత్రమే పనిచేసే సెలెకాక్సిబ్, ఎటోరికాక్సిబ్ వంటివి దాదాపు అందరికీ పడతాయి, అయినా మొదటి మోతాదు డాక్టరు ఎదుట వేసుకోవడమే పద్ధతి. పారాసిటమాల్ కాక్స్-1ను బలహీనంగానే అడ్డుకుంటుంది. 500 మిల్లీగ్రాములు మామూలుగా ఇబ్బంది పెట్టవు. ఒకేసారి 1000, ఆపైన వేసుకుంటే కొందరిలో ఆయాసం వస్తుంది. జ్వరం తగ్గలేదని 650 బిళ్ళలు రెండు కలిపి మింగే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. ఈ జబ్బు ఉన్నవాళ్లు ఆ పని చేయకూడదు.

పోలండ్‌లో దొరికింది, అమెరికాలో దొరకలేదు

యంత్రాంగం ఇంత స్పష్టంగా తెలిశాక జన్యువులను పట్టుకోవడం తేలికే అనిపిస్తుంది. ల్యూకోట్రయీన్ తయారు చేసే ఎంజైమును, దాన్ని అందుకునే రిసెప్టర్‌ను, ఈ2ను అందుకునే రిసెప్టర్‌ను తయారు చేయించే జన్యువుల్లో ఎక్కడో తేడా ఉండి ఉండాలి. 1990ల చివరి నుంచి పరిశోధకులు ఆ లెక్కతోనే వెతికారు.

మొదట పట్టుబడింది ఎల్‌టీసీ4ఎస్ జన్యువు. ల్యూకోట్రయీన్ సీ4 తయారీలో చివరి ఎంజైము దీనిదే, 5వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. జన్యువు మొదలయ్యే చోటికి 444 డీఎన్ఏ అక్షరాల ముందు, ఏ ఉండాల్సిన చోట సీ ఉన్నవాళ్లు ఆస్పిరిన్ పడని ఆస్తమా రోగుల్లో ఎక్కువగా ఉన్నారని పోలండ్ బృందం 1997లో ప్రకటించింది. ఈ రోగుల శ్వాసనాళాల పొరల్లో ఈ ఎంజైము ఎక్కువగా ఉంటోందని దాదాపు అదే సమయంలో తేలింది కాబట్టి రెండూ చక్కగా అతికాయి. కానీ మూడేళ్లకు అమెరికాలో వెతికితే ఆ తేడా కనిపించలేదు. కొరియాలోనూ లేదు. జపాన్‌లో మాత్రం కొంత సంబంధం కనిపించింది.

తర్వాత వచ్చినవాటి కథ కూడా కొంచెం అటూఇటూగా ఇదే. ఈ2 బ్రేకుకు సంబంధించిన పీటీజీఈఆర్2 జన్యువులో తేడాను 2004లో జపాన్ బృందం చూపించింది. ఆ తేడా ఉంటే రిసెప్టర్ తక్కువగా తయారవుతుంది, అంటే బ్రేకు ఉన్నా పట్టదు. వినడానికి ఇంతకంటే నచ్చే వివరణ లేదు. ల్యూకోట్రయీన్లను అందుకునే సిస్‌ఎల్‌టీఆర్1 అనే రిసెప్టర్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, దాని తేడాలు కొరియా మగ రోగుల్లో ఎక్కువగా కనిపించాయి. జబ్బేమో ఆడవాళ్లలో ఎక్కువ! మొత్తం జన్యుపటాన్ని జల్లెడపట్టే పద్ధతి వచ్చాక 2010లో కొరియాలోనే సీఈపీ68 అనే జన్యువు పేరు పైకి వచ్చింది. అది కణవిభజనకు సంబంధించిన ప్రొటీన్‌ది. ల్యూకోట్రయీన్లతో దానికేం పనో నేరుగా చెప్పడం కష్టం.

వీటన్నిటిలో కాస్త గట్టిగా నిలబడింది హెచ్ఎల్ఏ-డీపీబీ1లోని 03:01 అనే రకం. 1997లో పోలండ్‌లో, తర్వాత కొన్నేళ్లకు కొరియాలో, ఒకదానికొకటి సంబంధం లేని రెండు జనాభాల్లో ఇది ఏఈఆర్‌డీతో కలిసి కనిపించింది. కొరియాలో ఈ రకం ఉన్నవాళ్లకు ఊపిరి సామర్థ్యం తక్కువగా, ముక్కులో కండలు ఎక్కువగా ఉన్నాయి. ఆ తర్వాత మొత్తం జన్యుపటం వెతుకులాటలో కూడా డీపీబీ1 దగ్గరే సంకేతం వచ్చింది. విచిత్రం ఏమిటంటే హెచ్ఎల్ఏ జన్యువుల పని రోగనిరోధక కణాలకు శత్రువును చూపించడం. ఇక్కడేమో ఆస్పిరిన్‌ను శత్రువుగా గుర్తించే యాంటీబాడీయే లేదు. మరి డీపీబీ1 చేస్తున్నదేమిటి? ముక్కులో దీర్ఘకాలం ఉండే వాపును మొదలుపెట్టడంలో దానికి వాటా ఉండొచ్చన్నది ఒక ఊహ. ఆ ఊహే నిజమైతే జన్యువు ఆస్పిరిన్ గురించి కాక దాని వెనకున్న ముక్కు జబ్బు గురించి చెబుతున్నట్టు అవుతుంది.

అటువైపు నుంచి వచ్చిన మంచి సాక్ష్యం 2019 నాటిది. ఐస్‌లాండ్ కేంద్రంగా జరిగిన పెద్ద అధ్యయనంలో ఏఎల్ఓఎక్స్15 అనే జన్యువు పనిచేయకుండా చేసే ఒక అరుదైన మార్పు ఉన్నవాళ్లకు ముక్కులో కండలు బాగా తక్కువగా వస్తున్నాయని తేలింది. ఇది కూడా అరకిడోనిక్ ఆమ్లం మీద పనిచేసే ఎంజైముదే, ఇసినోఫిల్స్‌లో బాగా ఉంటుంది. ఆస్పిరిన్‌తో నేరుగా లంకె చూపకపోయినా జబ్బు మూలం ఎటు ఉందో అది చెప్పిందనుకోవచ్చు.

ఇన్ని పేర్లు వచ్చి ఒక్కటీ ఎందుకు స్థిరపడలేదు? అధ్యయనాలు చిన్నవి కావడం ఒక కారణం. చాలావాటిలో రోగుల సంఖ్య కొన్ని వందలు దాటదు. అంతమందిలో వెతికితే యాదృచ్ఛికంగా కలిసొచ్చినవి కూడా కారణాల్లా కనిపిస్తాయి. అంతకంటే పెద్ద కారణం జబ్బు స్వభావంలోనే ఉంది. ఈ రోగుల్లో చాలామంది ఇరవై ఏళ్లప్పుడు ఇదే ఆస్పిరిన్ వేసుకుని హాయిగా ఉన్నవాళ్లే. పుట్టుకతో వచ్చిన జన్యువులు మధ్యలో మారవు. మారింది వాటి నడక. కొరియాలో ఈ రోగుల ముక్కు కండలను పరీక్షిస్తే, ఈ2ను తయారు చేసే పీటీజీఈఎస్ జన్యువు మీద మిథైల్ గుర్తులు ఎక్కువగా, ల్యూకోట్రయీన్ల వైపు జన్యువుల మీద తక్కువగా ఉన్నాయి. మిథైల్ గుర్తు ఎక్కువైతే జన్యువు నోరు మూసుకుంటుందని స్థూలంగా చెప్పుకోవచ్చు. వైరస్ జ్వరాలు, పొగ, ముక్కులో తిష్ఠవేసే బ్యాక్టీరియా వంటివి ఈ గుర్తులను మారుస్తాయేమో అన్న కోణంలో ఇప్పుడు ఎక్కువగా చూస్తున్నారు.

కుటుంబాల లెక్క కూడా ఇదే చెబుతుంది. ముందు చెప్పిన యూరప్ అధ్యయనంలో ఇంట్లో ఇంకొకరికి కూడా ఆస్పిరిన్ పడదన్నవాళ్లు ఇరవైమందిలో ఒకరికి కాస్త పైన ఉన్నారు, అంతే. "మా నాన్నగారికి ఆస్పిరిన్ పడదు, నాకూ పడదేమో" అన్న టెన్షన్‌కు ఇది సమాధానం. ఆస్తమా, ముక్కు కండలు లేనివాళ్లు తండ్రిని చూసి మందు మానేయాల్సిన పని లేదు. దీని రెండో వైపు కూడా మరిచిపోకూడదు. ఇంట్లో ఎవరికీ లేదన్నది ఆస్తమా ఉన్నవాళ్లకు రక్షణ ఏమీ కాదు.

ఒక లెక్క, ఒక పోలిక

జన్యు పరీక్షతో దీన్ని ముందే పట్టుకోవచ్చా అన్నదానికి ఒక లెక్క వేసి చూడొచ్చు. ఇది ఊహా లెక్క, ఏ అధ్యయనంలోదీ కాదు. 1000 మంది పెద్దవయసు ఆస్తమా రోగులున్నారనుకుందాం. 7 శాతం చొప్పున 70 మందికి ఆస్పిరిన్ పడదు, 930 మందికి పడుతుంది. ఒక జన్యురకం పడనివాళ్లలో 30 శాతం మందికి, పడేవాళ్లలో 15 శాతం మందికి ఉందనుకుందాం. రెట్టింపు తేడా, పత్రికల్లో శీర్షికకు సరిపోతుంది. పరీక్ష చేస్తే పడనివాళ్లలో 21 మందికి, పడేవాళ్లలో దాదాపు 140 మందికి పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 160 మందిలో నిజంగా జబ్బున్నవాళ్లు ఎనిమిదిమందిలో ఒకరు. ఇటు 70 మందిలో 49 మంది నెగెటివ్ కాగితం పట్టుకుని ధైర్యంగా బ్రూఫెన్ వేసుకుంటారు. ఇలాంటి పరీక్ష ఉండటం కంటే లేకపోవడమే నయం.

ఇంత మాత్రాన మందు పడకపోవడాన్ని జన్యువులు ఎక్కడా చెప్పలేవని కాదు. మన ఆర్యవైశ్యుల సంగతే చూడండి. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. రక్తంలోని బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది. ఈ ఎంజైము పనిచేయనివాళ్లలో సడలిన కండరాలకు గంటల తరబడి పట్టు తిరిగి రాదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇది మిగతావారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల ఆ ఎంజైమును తయారు చేయించే బీసీహెచ్ఈ జన్యువులో 307వ స్థానంలో వచ్చిన ఒకే ఒక్క మార్పు వాళ్లలో నిలిచిపోయింది. తెలుగు రాష్ట్రాల్లో చాలామంది మత్తు డాక్టర్లకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు, ఆపరేషన్‌కు ముందు అడిగి మరీ మందు మారుస్తారు.

ఒక జన్యువు, ఒక మార్పు, ఒక మందు. వారసత్వం సూటిగా ఉంది, పర్యావరణం పాత్ర లేదు, పరీక్ష ఫలితం చూసి మందు మార్చేయవచ్చు. మూర్ఛకు ఇచ్చే కార్బమాజిపిన్ విషయంలో కూడా అంతే, హెచ్ఎల్ఏ-బీ 15:02 రకం ఉన్న ఆసియావాసులకు చర్మం ఊడిపోయే ప్రమాదం ఉందని పరీక్ష ముందే చెబుతుంది. ఆస్పిరిన్ పడని ఆస్తమా ఈ కోవలోకి రాదు. చిన్న చిన్న వాటాలున్న అనేక జన్యువులు, వాటి మీద పడిన ఏళ్ల తరబడి వాపు, ఇంకా తేలని పర్యావరణ కారణాలు కలిసి దీన్ని తెస్తున్నాయి.

ఈ తేడా తెలియక ఇప్పుడు ఇంకో గందరగోళం వస్తోంది. బెంగళూరులో ఉమ్మితోనో రక్తంతోనో జన్యు పరీక్ష చేసి మందుల మీద నివేదిక ఇచ్చే కంపెనీలకు కొదవ లేదు. అందులో నొప్పి మందుల పేజీలో ఆకుపచ్చ రంగు చూసి ఆస్తమా ఉన్నవాళ్లు నిశ్చింత పడుతున్నారు. ఆ పేజీ చాలావరకు సీవైపీ2సీ9 అనే కాలేయపు ఎంజైము గురించి. అది నెమ్మదిగా పనిచేసేవాళ్లలో ఐబుప్రోఫెన్, పిరాక్సికామ్ లాంటివి ఒంట్లో ఎక్కువసేపు నిలిచి కడుపులో రక్తస్రావం వంటివి తేవచ్చు, అలాంటివాళ్లకు మోతాదు తగ్గించమని చెప్పడానికి అది పనికొస్తుంది. ఉబ్బసానికీ దానికీ ఏ సంబంధం లేదు. ఆకుపచ్చ పేజీ ఉన్నవాడికీ కాక్స్-1 మూసుకుంటే ఆయాసం రావచ్చు.

మన డేటా ఎక్కడుంది

పైన వచ్చిన దేశాల పేర్లు చూస్తే పోలండ్, అమెరికా, కొరియా, జపాన్, ఐస్‌లాండ్. భారతీయుల వాటా ఈ వెతుకులాటలో చాలా తక్కువ. దేశంలో ఆస్తమా ఉన్నవాళ్లు మూడు కోట్లకు పైనే ఉంటారన్న అంచనా ముందు ఇది చిన్న లోటు కాదు. హెచ్ఎల్ఏ రకాలు జనాభాను బట్టి బాగా మారతాయి కాబట్టి కొరియా ఫలితాన్ని తెచ్చి కర్నూలు మనిషికి అంటించలేం.

జన్యుపటాల కొరత మాత్రం తీరుతోంది. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టుకు సమన్వయకర్త బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రాంగణంలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చే. 20 సంస్థలు కలిసి దేశం నలుమూలల నుంచి పదివేల మంది జన్యుపటాలు చదివాయి, 2025 జనవరిలో ఆ డేటాను పరిశోధకులకు తెరిచారు. హైదరాబాద్‌లోని కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ భాగస్వామిగా 2017లో వెలువడిన అధ్యయనం దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలించి, 81 సమూహాల్లో లోపలి పెళ్లిళ్ల ప్రభావం, అందుకు పేరుపడ్డ ఫిన్లాండ్ జనాభాలో కంటే బలంగా ఉందని చూపింది. అరుదైన జన్యుమార్పులు వెతకడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

లేనిది రెండో సగం. ఒక జన్యురకం ఆస్పిరిన్ పడనివాళ్లలో ఎక్కువుందా అని చూడాలంటే, ఎవరికి పడదో ముందు కచ్చితంగా తెలిసి ఉండాలి. ఆరోగ్యవంతుల జన్యుపటాలు ఎన్ని ఉన్నా ఆ ప్రశ్నకు జవాబు రాదు. ఎమర్జెన్సీ కాగితం మీద "ఆస్తమా ఎటాక్, తెల్ల బిళ్ళ" అని ఉన్న మనిషిని ఏ జాబితాలో వేస్తారు? పరీక్షగా ఆస్పిరిన్ ఇచ్చి చూసి నిర్ధారించిన రోగులు, అదే విధంగా పరీక్షించి పడుతుందని తేలిన ఆస్తమా రోగులు, రెండు జట్లూ కావాలి. యూరప్‌లో, కొరియాలో ఆ పని దశాబ్దాలుగా చేశారు కాబట్టే వాళ్ల చిన్న అధ్యయనాలకైనా విలువ ఉంది.

ఈ పరీక్షను ఆస్పిరిన్ ఛాలెంజ్ అంటారు. ఆస్తమా అదుపులో ఉన్న రోజు, ఊపిరి సామర్థ్యం కొలిచి, ఆసుపత్రిలోనే చిన్న మోతాదుతో మొదలుపెట్టి గంటల విరామంతో పెంచుకుంటూ పోతారు. ఇంట్లో ఎవరూ చేసి చూడకూడనిది ఇది. ప్రతి ఒక్కరికీ అవసరం కూడా లేదు. ఆస్తమా, ముక్కు కండలు ఉండి రెండు వేర్వేరు నొప్పి మందులకు రెండుసార్లు ఆయాసం వచ్చిన మనిషికి వేరే రుజువు ఎందుకు? వాసన ఎప్పటినుంచి తెలియడం లేదు, కండలు తీయించుకున్నాక మళ్లీ పెరిగాయా, బీరో వైనో రెండు గుక్కలు తాగితేనే ముక్కు దిబ్బడ వేస్తుందా అన్న మూడు ప్రశ్నలు ఏ జన్యు నివేదిక కంటే ఎక్కువ చెబుతాయి. మద్యంతో ముక్కు బాధ ఏఈఆర్‌డీ రోగుల్లో నలుగురిలో ముగ్గురికి ఉంటుందని అమెరికా అధ్యయనం ఒకటి చూపింది. మన దగ్గర డాక్టరు మొహమాటంతో అడగడు, రోగి పక్కన అమ్మో భార్యో ఉందని చెప్పడు.

నిర్ధారణ అయ్యాక దారులు ఉన్నాయి. మాంటెలూకాస్ట్ ల్యూకోట్రయీన్ రిసెప్టర్‌ను అడ్డుకుంటుంది, కొందరికి బాగా, కొందరికి అంతంతమాత్రంగా. డూపిలుమాబ్ లాంటి ఇంజెక్షన్లు కండలను బాగా తగ్గిస్తాయి, ధరే అందుబాటులో ఉండదు. వినడానికి విడ్డూరంగా ఉండే మూడో దారి ఆస్పిరిన్‌నే అలవాటు చేయడం. ఆసుపత్రిలో మోతాదు మెల్లగా పెంచుతూ పోతే ఒక దశలో శరీరం స్పందించడం మానేస్తుంది. ఆ తర్వాత రోజూ ఆస్పిరిన్ వేసుకుంటే కండలు తిరిగి పెరగడం నెమ్మదిస్తుంది. ఎవరికి ఇది బాగా పనిచేస్తుందో ముందే చెప్పే జన్యువు ఇంకా దొరకలేదు.

గుండెలో స్టెంట్ వేయించుకుని ఎకోస్ప్రిన్ 75 తప్పనిసరి అయిన ఆస్తమా రోగికి ఇదే దారి ఆధారమవుతుంది. అయితే ఆ సహనం రోజూ బిళ్ళ పడుతున్నంత కాలమే. ఊరికి వెళ్లి స్ట్రిప్ మర్చిపోయి మూడు నాలుగు రోజులు ఆపేస్తే అది పోతుంది. తిరిగొచ్చాక పాత మోతాదు ఇంట్లో వేసుకోకుండా, మొదటిసారి ఇచ్చిన ఆసుపత్రికే వెళ్లి మళ్లీ మొదలుపెట్టించుకోవాలి.